పాత కాలపు నైట్ బొమ్మలకు రంగులు వేయడం ఎలా?

మూడు నాలుగు దశాబ్దాల కిందట లోహంతో పోతపోసిన నైట్ (కవచం తొడిగి గుర్రమెక్కి పోరాడే మధ్యయుగపు ఐరోపా వీరుడు) బొమ్మను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు ఎదురుగా తిప్పి చూస్తే, శిరస్త్రాణం మీది చిల్లులు, డాలు అంచున వరుస తీరిన రివెట్లు, గుర్రానికి కప్పిన వస్త్రంలోని మడతలు అన్నీ ఒక మనిషి తన చేతితో పుట్టీలో మలిచినవేనని వెంటనే తెలుస్తుంది. ఇప్పటి బొమ్మల్లో చాలా భాగం కంప్యూటరులో రూపుదిద్దుకుంటాయి. వాటి గీతలు లోతుగా, పదునుగా ఉంటాయి కనుక రంగు కొంచెం చిక్కగా పడినా తట్టుకుంటాయి. పాతవాటి చెక్కడం అంత లోతు కాదు. రెండు చిక్కటి పూతలు పడితే రివెట్లు మాయమవుతాయి, ముఖం ముద్దగా మారుతుంది. అందువల్ల ఈ పనిలో మొదటి నుంచి చివరి వరకు గుర్తుంచుకోవలసిన నియమం ఒక్కటే: శిల్పి గీసిన గీతను మన రంగు పూడ్చకూడదు.

నేను విజయనగరంలో ఉంటూ ఈ పని చేస్తున్నాను. ఈ విద్యకు సంబంధించిన సలహాలు ఎక్కువగా చల్లని, పొడి దేశాలవారు రాసినవి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా పాటిస్తే మన ఉక్కపోతలో, వానల్లో, బోరు నీటితో పని చెడుతుంది. ఎక్కడ మార్చుకోవాలో ఆయా చోట్ల చెబుతాను.

బొమ్మను పరీక్షించడం

రంగు సంగతి ఆలోచించే ముందు మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి. అమెరికాలోని సిన్సినాటిలో 1975లో మొదలైన రాల్ పార్థా, 1970ల చివర ఇంగ్లండులోని న్యూఆర్క్‌లో మొదలైన సిటడెల్ వంటి సంస్థల బొమ్మలే పాత నైట్లలో ఎక్కువగా దొరుకుతాయి. 1983లో బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే వార్‌హామర్ ఆట వచ్చిన తరువాత ఇలాంటి సైన్యాలను కూర్చుకునే అలవాటు బాగా పెరిగింది. సిటడెల్ బొమ్మల్లో చాలావాటి పాదాల కింద, బేస్ (బొమ్మ నిలబడే అడుగు పలక) గాడిలో దూరే పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద చాలాసార్లు బొమ్మ పేరు, సంవత్సరం పోతలోనే వచ్చి ఉంటాయి. ఆ పట్టీని తెలియక కత్తిరించి పారేసే ముందు ఫోటో తీసి ఉంచుకోండి.

1990ల నడుమ వరకు వచ్చిన లోహపు బొమ్మల్లో అనేకం సీసం కలిసిన మిశ్రలోహంతో చేసినవే. బొమ్మ అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిలు గీత లాంటి బూడిదరంగు చార పడినట్లయితే సీసం ఎక్కువగా ఉందని అనుమానించాలి. భయపడి పారేయనక్కరలేదు గాని జాగ్రత్తలు తప్పనిసరి. ఆకురాయితో రాసేటప్పుడు బొమ్మను తడిగా ఉంచాలి, ఎందుకంటే పొడిగా రాస్తే లేచే ధూళి ఊపిరిలోకి పోతుంది. పని చేస్తూ తినకూడదు, తాగకూడదు, కుంచె మొనను నాలుకతో తడపకూడదు. పని ముగిశాక చేతులను సబ్బుతో కడుక్కోవాలి. వంటింటి బల్ల మీద గాని, పసిపిల్లలు పాకే నేల మీద గాని ఈ పని పెట్టుకోవద్దు.

బొమ్మ మీద తెల్లటి బూజు లాంటి పొడి కనిపిస్తే అది బూజు కాదు, సీసం తుప్పు. చెక్క నుంచి, అట్టపెట్టెల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి, గాలిలోని తేమ కలిసి సీసాన్ని అలా తినేస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న మన జిల్లాల్లో తేమకు కొదవ లేదు కనుక ఈ సమస్య ఇక్కడ తొందరగా ముదురుతుంది. ఆ పొడి విషపదార్థం. చేతికి తొడుగులు వేసుకుని, బొమ్మను నీటిలో ముంచి, మెత్తని బ్రష్‌తో నీటి లోపలే రుద్ది తీయండి. తరువాత పూర్తిగా ఆరనిచ్చి ఆలస్యం చేయకుండా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) వేయండి.

పాత రంగును తీయడం

సెకండ్‌హ్యాండ్‌గా వచ్చే బొమ్మల మీద ఎవరో పిల్లవాడు ఎనభైల్లో వేసిన ఎనామెల్ రంగు దట్టంగా పేరుకుని ఉంటుంది. దాని మీదే కొత్త రంగు వేయాలన్న తొందర పడవద్దు. మన ఊళ్లలో ఏ మందుల షాపులోనైనా దొరికే డెటాల్ ద్రవం ఈ పనికి బాగా పనికివస్తుంది. మూత ఉన్న గాజు సీసాలో బొమ్మ మునిగేంత డెటాల్‌ను నీళ్లు కలపకుండా పోసి, ఒక రోజంతా నాననివ్వండి. మరుసటి రోజు తొడుగులు వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పెచ్చులుగా ఊడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ మొదటిసారి అదే చేశాను. రుద్దే మధ్యలో బొమ్మను కుళాయి కింద పెట్టకూడదు. ఊడుతున్న రంగు, డెటాల్, నీరు మూడూ కలిస్తే జిగురు ముద్దలా తయారై మడతల్లో ఇరుక్కుంటుంది. దానిని తీయడం అసలు రంగు తీయడం కన్నా కష్టం. బ్రష్‌ను కూడా డెటాల్‌లోనే ముంచుతూ రుద్ది, రంగంతా పోయిన తరువాతే అంట్లు తోమే ద్రవం వేసి గోరువెచ్చని నీటితో కడగాలి. కిటికీ తలుపులు తీసి ఉంచడం మరువవద్దు. లోహపు బొమ్మ మీద మొండి ఎనామెల్ మిగిలితే మళ్లీ ఒక రోజు నానబెట్టండి. నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్‌ను లోహానికి వాడవచ్చు గాని, కొన్ని నైట్లలో రౌతు లోహంతో, గుర్రం ప్లాస్టిక్‌తో ఉంటాయి. ఎసిటోన్ తగిలితే ఆ గుర్రం కరిగిపోతుంది.

సరిచేయడం, అతకడం

సీసపు బొమ్మల బల్లేలు, కత్తులు వంగి రావడం మామూలే. వాటిని ఒక్కసారిగా సాగదీస్తే విరుగుతాయి. వేడి నీళ్లలో కొద్దిసేపు ఉంచి, రెండు వేళ్ల నడుమ మెల్లగా, కొంచెం కొంచెంగా సరిచేయండి. అప్పటికే రెండుమూడు సార్లు వంగిన బల్లేన్ని కాపాడటం వృథా. దానిని కత్తిరించి, పిడికిలిలో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, ఇత్తడి తీగను బల్లెంగా అమర్చితే ఆటలో ఎన్నిసార్లు చేయి తగిలినా నిలుస్తుంది. ఈ పనిముట్ల కోసం విదేశీ దుకాణాలను వెతకనక్కరలేదు. కంసాలి పనిముట్లు అమ్మే అంగడికి వెళ్లి చేతితో తిప్పే సన్నని డ్రిల్లు, సూది లాంటి ఆకురాళ్లు, శ్రావణం, కంటికి పెట్టుకునే భూతద్దం అడిగితే హాబీ దుకాణం ధరలో సగానికే నాణ్యమైనవి దొరుకుతాయి.

రెండు లోహపు ముక్కలను అతికేటప్పుడు ఫెవిక్విక్ ఒక్కటే చాలదు. బొమ్మ బరువుకు ఆ అతుకు ఏదో ఒక రోజు తెగుతుంది. రెండు వైపులా రంధ్రాలు చేసి, నడుమ తీగ ముక్క పెట్టి అతకండి. రౌతుకు, జీనుకు మధ్య మిగిలే సందును ఎపాక్సీ పుట్టీతో పూడ్చండి. ఎం-సీల్ పెద్ద సందులకు పరవాలేదు గాని గరుకుగా ఉంటుంది, కంటికి కనిపించే చోట మినియేచర్ల (ఇలాంటి చిన్న బొమ్మల) కోసం అమ్మే ఆకుపచ్చ పుట్టీయే మేలు. పోత అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది, దానిని బ్లేడు వెనక వైపుతో గీకి తీయండి. రంగు వేసిన తరువాత ఆ గీత మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది, అప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు.

రౌతును గుర్రం మీద ముందే అతకాలా, విడిగా రంగు వేసి తరువాత అతకాలా అని కొత్తవారు అడుగుతుంటారు. డాలు, రౌతు, గుర్రం మూడింటినీ విడివిడిగా ఉంచి రంగు వేయమని నా సలహా. డాలు చాటున ఉండే ఎడమ చేయి, జీను ముందు భాగం కుంచెకు అందవు. అతకవలసిన చోట మాత్రం రంగు పడకుండా చిన్న బ్లూట్యాక్ (మళ్లీ ఊడదీయగలిగే మెత్తని జిగురు) ముద్ద పెట్టండి. ప్రతి ముక్కనూ ఖాళీ మందుసీసా మూత మీద నిలిపి, సీసాను పట్టుకుని పని చేస్తే వేళ్ల చెమట బొమ్మకు అంటదు.

ప్రైమర్

మన వాతావరణం అన్నిటికన్నా ఎక్కువగా పరీక్ష పెట్టేది ఇక్కడే. ఒక అక్టోబరు నెలలో, వాన వెలిసిన సాయంత్రం, ఎనిమిది నైట్ల మీద స్ప్రే ప్రైమర్ కొట్టాను. అర్ధగంటలో అవన్నీ మంచు పట్టినట్టు తెల్లబారాయి, ముట్టుకుంటే గరుకుగా తగిలాయి. గాలిలోని తేమ పూతలో చిక్కుకోవడమే దానికి కారణం. మళ్లీ ఎనిమిదింటినీ డెటాల్‌లో ముంచవలసి వచ్చింది. మే నెల మధ్యాహ్నం ఇంకో రకం ఇబ్బంది ఉంటుంది. స్ప్రే తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్టుగా పడుతుంది. మన ప్రాంతంలో స్ప్రే వాడాలనుకుంటే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పొగమంచు పూర్తిగా విడిన తరువాత, పదకొండు గంటల నుంచి మూడు గంటల లోపల, డాబా మీద వాడండి. డబ్బాను బొమ్మకు జానెడు దూరాన పట్టుకుని, ఆపకుండా కదుపుతూ, రెండు పలుచని పూతలుగా వేయాలి.

మిగిలిన తొమ్మిది నెలలకు కుంచెతో వేసే పాలీయురెథేన్ ప్రైమరే సరైన మార్గం. పాత బొమ్మలకు నిజానికి అదే ఎప్పుడూ మేలని ఇప్పుడు నా అభిప్రాయం, ఎందుకంటే ఎక్కడ ఎంత పడుతుందో మన అదుపులో ఉంటుంది. వెడల్పయిన మెత్తని కుంచెతో పలుచగా లాగండి, గుంటల్లో నిలిచిన దానిని పొడి కుంచెతో వెంటనే పీల్చేయండి. ఒక రోజు ఆరనివ్వండి, ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు. రంగు విషయానికి వస్తే, కవచం ధరించిన రౌతుకు నలుపు, వస్త్రం కప్పిన గుర్రానికి, డాలుకు తెలుపు వేస్తే తరువాతి పని సగం తగ్గుతుంది.

రంగులు, కుంచెలు, నీరు

వాలేహో, సిటడెల్ వంటి మినియేచర్ రంగుల్లో రేణువులు చాలా సన్నగా ఉంటాయి. ఫెవిక్రిల్ వంటి మామూలు అక్రిలిక్ రంగులు బేస్‌కు చాలు గాని డాలు మీది గీతకు పనికిరావు. సైబీరియా వీసెల్ తోక రోమంతో చేసే కొలిన్‌స్కీ కుంచె ఒకటో నంబరుది, రెండో నంబరుది ఉంటే చాలు. అతి సన్నని కుంచె కొనాలని అందరికీ అనిపిస్తుంది, కాని దానిలో రంగు నిలవదు, మొన చేరేలోపే ఆరిపోతుంది. మొన సరిగా ఉన్న ఒకటో నంబరు కుంచెతో కంటిపాపను కూడా పెట్టవచ్చు. లోహపు రంగులకు వేరే చవక కుంచె, వేరే నీటి గ్లాసు పెట్టుకోండి. ఆ మెరుపు రేకులు మిగతా రంగుల్లో కలిస్తే నైట్ వస్త్రమంతా తళుకుమంటుంది.

ఫ్యాను గాలికి పళ్లెంలో రంగు రెండు నిమిషాల్లో పొర కడుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ మిఠాయి డబ్బాలో తడిపిన పలుచని స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ పేపరు వేసి, ఆ కాగితం మీద రంగు కలపండి. మూత పెడితే మరుసటి రోజుకు కూడా రంగు తడిగానే ఉంటుంది. వేసవిలో రెండు మూడు రోజులకే వాసన వస్తుంది కనుక స్పాంజిని తరచు కడగాలి. రంగు పలుచన చేయడానికి బోరు నీరు వద్దు, ఆరిన తరువాత సున్నపు మరకలు తేలుతాయి. ఫిల్టరు నీరు వాడండి. మొదటి పూతకు రెండు పాళ్ల రంగుకు ఒక పాలు నీరు కలిపితే సుమారుగా సరిపోతుంది. ఆ చిక్కదనం గోటి మీద గీసినప్పుడు పాలలా జారాలి, నీరులా పారకూడదు.

కవచం

ఇంట్లో తోమిన ఇత్తడి చెంబు ఉంటే, శ్రీకాకుళం జిల్లా బుడితి పనివాళ్లు చేసినదైతే మరీ మంచిది, దానిని గుమ్మం దగ్గర పెట్టి ఐదు నిమిషాలు చూడండి. మెరిసే లోహానికి తనదంటూ ఒక రంగు ఉండదు. పై వంపులో ఆకాశం తెల్లగా, కింది వంపులో నేల ముదురుగా కనిపిస్తాయి, అతి తెల్లని మెరుపు పక్కనే అతి నల్లని చార ఉంటుంది. కవచం మీద మనం చూపించవలసింది ఇదే. అంతటా ఒకేలా వెండిరంగు పూస్తే అది అల్యూమినియం గిన్నెలా ఉంటుంది గాని ఉక్కులా ఉండదు.

నల్ల ప్రైమర్ మీద ముదురు ఉక్కు రంగును, సందుల్లో నలుపు మిగిలేలా, పలుచగా వేయండి. ఆరిన తరువాత నలుపు, కొద్దిగా ముదురు నీలం కలిపి, చాలా పలుచగా చేసిన రంగును పలకల అతుకుల్లోకి, మోచేతుల కిందికి, శిరస్త్రాణపు చిల్లుల్లోకి మాత్రమే నడిపించండి. మొత్తం మీద పారబోస్తే మెరుపంతా చస్తుంది. తరువాత మధ్యస్థ వెండిరంగును భుజాల పైభాగాన, మోకాలి చిప్పల మీద, శిరస్త్రాణపు ముందు అంచున వేసి, చివరిగా తెల్లటి వెండిరంగుతో పలకల అంచులకు, ఒక్కొక్క రివెట్‌కు చుక్క పెట్టండి. గొలుసు కవచానికి మాత్రం పద్ధతి వేరు. కుంచెను దాదాపు పొడిగా తుడిచి, రింగుల మీదుగా అడ్డంగా తేలికగా ఆడిస్తే రింగుల తలలకే రంగు అంటుతుంది, లోతు నల్లగా మిగులుతుంది.

వంశచిహ్నాలు, వస్త్రాలు

నైట్‌ను నైట్‌గా నిలబెట్టేది డాలు మీది, గుర్రపు వస్త్రం మీది చిహ్నమే. ముఖాన్ని శిరస్త్రాణం కప్పేస్తుంది కనుక యుద్ధభూమిలో మనిషిని గుర్తించే సాధనం అదే అయింది. ఐరోపా వంశచిహ్నాల సంప్రదాయంలో రంగులను రెండు జట్లుగా విభజించారు. పసుపు లేదా బంగారం, తెలుపు లేదా వెండి ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా ఈ ఐదూ రంగులు. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. దూరం నుంచి స్పష్టంగా కనబడటమే ఈ నియమానికి ప్రాణం. మన గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టినప్పుడు అది వీధి చివరికి కూడా ఎందుకు కనబడుతుందో, పేడతో అలికిన ముదురు వాకిట్లో తెల్లని ముగ్గు ఎందుకు అంతగా తేలుతుందో ఆలోచిస్తే ఈ నియమం కొత్తగా నేర్చుకోవలసినది కాదని అర్థమవుతుంది. ఆటబల్ల మీద మూడడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు ఇది మరింత అవసరం. నీలం మీద నలుపు సింహం వేస్తే ఎంత శ్రమపడినా అది నీడలా మిగులుతుంది.

మొదటి నైట్‌కు సింహాలు, గద్దల జోలికి వెళ్లవద్దు. నిలువుగా రెండు సగాలు, అడ్డంగా రెండు సగాలు, నాలుగు భాగాలు, ఏటవాలు పట్టీ, ఈ విభజనలతోనే పది మంది నైట్లకు పది వేర్వేరు డాళ్లు తయారవుతాయి. ముందుగా కాగితం మీద చిన్న డాళ్లు గీసి, రంగు పెన్సిళ్లతో నింపి, చేయి చాచినంత దూరాన పెట్టి చూడండి. రెండు రంగులు ఎంచుకున్న తరువాత లేతదానిని డాలంతా వేయండి, ముదురుదానిని దాని మీద వేయండి. ముదురు మీద లేతరంగు కప్పడానికి నాలుగు పూతలు కావాలి, అప్పటికి అంచు దిమ్మెలా లేస్తుంది.

గుర్రపు వస్త్రం మీద గీతలు గీయడం అసలైన పరీక్ష. అక్కడ ఉన్నది చదునైన గోడ కాదు, మడతలు పడిన గుడ్డ. సన్నని పెన్సిలుతో ముందు మడత శిఖరాల మీద చుక్కలు పెట్టుకుని, తరువాత వాటిని కలపండి. గీత మడత లోపలికి దిగినప్పుడు కొంచెం వంగాలి, బయటికి వచ్చినప్పుడు తిరిగి తన దారిలో పడాలి. చీర కుచ్చిళ్లలో అంచు ఎలా లోపలికి పోయి బయటికి వస్తుందో చూస్తే ఈ వంపు అర్థమవుతుంది. గళ్ల నమూనా కావాలంటే ముందు నిలువు గీతలను మడతల వెంట దించి, తరువాత అడ్డగీతలు వేసి, ఒకటి విడిచి ఒకటి నింపండి. గడి అంచు దాటితే గాభరా పడవద్దు, పక్క గడి రంగుతో దిద్దవచ్చు. జంతువు బొమ్మ వేస్తే గుర్రానికి రెండు వైపులా దాని ముఖం గుర్రపు తల వైపే ఉండాలి. జెండా మీదైతే కర్ర వైపు ఉండాలి. ఇది తప్పితే జంతువు వెనక్కి పారిపోతున్నట్టు ఉంటుంది.

వెలుగునీడలను నమూనా వేయక ముందే వస్త్రం మీద పెట్టుకుని, నమూనా వేసిన తరువాత మళ్లీ ఒకసారి సరిదిద్దాలి. ఎరుపు నీడకు నలుపు కలపకండి, ముదురు గోధుమరంగు కలపండి. వెలుగుకు తెలుపు కలిపితే గులాబీ అవుతుంది కనుక నారింజ కలపండి. పసుపు నీడ ఆవాల పొడి రంగులోకి, అక్కడి నుంచి గోధుమరంగులోకి దిగాలి. తెల్లని వస్త్రానికి పొందూరు ఖద్దరు పంచెను మడతపెట్టి ఎదుట ఉంచుకోండి. మడత శిఖరం ఒక్కటే నిజంగా తెల్లగా ఉంటుంది, మిగతాదంతా లేత బూడిద, లేత గంధం కలిసిన రంగు. ఆ రంగుతో మొదలుపెట్టి శిఖరాలకు మాత్రమే తెలుపు దాచుకోవాలి. రెండు రంగులు కలిసే అంచున, డాలుకు చేతికి మధ్య, పట్టీకి వస్త్రానికి మధ్య, పలుచని ముదురు గోధుమ గీత ఒకటి లాగితే ప్రతి భాగం విడిగా తేలుతుంది. ఎనభై, తొంభైల నాటి బొమ్మలకు ఈ గీత, ఈ నిండు రంగులు బాగా నప్పుతాయి. మట్టి, తుప్పు, రక్తపు మరకలతో వాటిని మసకబార్చడం నాకు ఇష్టం లేదు. వాటిని మలిచిన కాలం పండుగ రంగుల కాలం.

గుర్రం

వస్త్రం కింద కనిపించే గుర్రం కొద్దిగానే కాబట్టి కొందరు ఒకే గోధుమరంగు పూసి వదిలేస్తారు. అది అన్యాయం. ఎర్రటి గోధుమరంగు గుర్రాల్లో ఒక రకానికి జూలు, తోక, మోకాళ్ల కింది భాగం నల్లగా ఉంటాయి. ఇంకొకదానికి జూలు, తోక ఒంటి రంగులోనే ఉంటాయి. తెల్ల గుర్రమని మనం పిలిచేదాని మూతి చుట్టూ చర్మం ముదురు బూడిదగా ఉంటుంది. కాలికి తెల్ల మేజోడు లాంటి మచ్చ వేస్తే ఆ కాలి గిట్టను లేత గంధపు రంగులో వేయండి, నల్లని కాలికి ముదురు గిట్ట వేయండి. గోధుమరంగు పూత మీద పలుచని ముదురు గోధుమను కండరాల సందుల్లోకి నడిపి, ఆరిన తరువాత భుజం, తొడ, దవడ ఎముకల మీద మొదటి రంగునే కొంచెం లేతగా చేసి తిరిగి వేయాలి. కంట్లో నలుపు నింపి, పైభాగాన ఒక్క తెల్ల చుక్క పెడితే గుర్రానికి ప్రాణం వస్తుంది.

పక్క పక్కన నిలిచే గుర్రాలన్నిటికీ ఒకే రంగు వేయవద్దు, అలాగని ఒక్కొక్కటి ఒక్కో రంగుగానూ వద్దు. ఐదింటిలో మూడు గోధుమ ఛాయలు, ఒక నలుపు, ఒక బూడిద ఉంటే దండు దండులా కనిపిస్తుంది. కళ్లెం, పగ్గాలు, జీను తోలుకు ముదురు గోధుమ వేసి అంచుకు లేత గీత పెట్టండి, బకిల్సుకు, రికాబులకు ఇత్తడి రంగు. ముసుగు ఎత్తిన రౌతుకు ముఖం ఉంటే కంటిగుంటల్లో ఎర్రటి గోధుమ నీడ, ముక్కు మీద, చెంప ఎముకల మీద లేత రంగు చాలు; కంటిపాపలు పెట్టకపోయినా ఫరవాలేదు.

వార్నిష్

ఆటలో బొమ్మను రోజూ వేళ్లతో పట్టుకుంటాము కనుక వార్నిష్ లేకుండా వదలకూడదు. ఇక్కడ కూడా స్ప్రే కన్నా కుంచే నమ్మదగినది. మొదట నిగనిగలాడే వార్నిష్ ఒక పూత వేసి, ఒక రోజు ఆరనిచ్చి, దాని మీద మెరుపు లేని వార్నిష్ వేయండి. మొదటిది గట్టిదనాన్ని ఇస్తుంది, రెండవది అద్దపు మెరుపును తగ్గిస్తుంది. మెరుపు లేని వార్నిష్ సీసాను రెండు నిమిషాలు బాగా కలపకపోతే అడుగున చేరిన పొడి మడతల్లో తెల్లగా పేరుకుంటుంది. కవచం మీద మాత్రం చివరి పూత వేయవద్దు, లేదా సగం మెరుపు ఉన్నది వేయండి, లేకపోతే ఉక్కు సీసంగా మారుతుంది.

బేస్

పాత వార్‌హామర్‌లో అశ్వికుడి బేస్ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు. 2024 జనవరిలో వచ్చిన వార్‌హామర్ కొత్త రూపమైన ఓల్డ్ వరల్డ్ ఆటలో నైట్లకు 30, 60 మిల్లీమీటర్ల బేస్‌లు వాడతారు. పాత బేస్‌ను పెకలించవద్దు. 30, 60 కొలతకు కత్తిరించిన పలుచని ప్లాస్టిక్ రేకు మీద దానిని నిలిపి, చుట్టూ ఇసుకతో కలిపేస్తే కొత్త ఆటకు పనికివస్తుంది, పాత గాడి, పట్టీ చెక్కుచెదరవు.

ఇసుక కోసం నాగావళి, చంపావతి ఒడ్డున దొరికే సన్నరకం తెచ్చుకుని, జల్లెడ పట్టి, రెండుసార్లు కడిగి ఎండబెట్టండి. కళింగపట్నం, చింతపల్లి వైపు నుంచి తెచ్చే సముద్రపు ఇసుకను నాలుగైదు నీళ్లు మార్చి కడగాలి, లేకపోతే అందులోని ఉప్పు తేమను పీల్చి బేస్ మీద తెల్లగా పొంగుతుంది, సీసానికి కూడా హాని చేస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, ఇసుకలో అద్ది, ఆరిన తరువాత మళ్లీ పలుచని ఫెవికాల్ నీటిని మీదుగా పోస్తే రేణువులు రాలవు. తొంభైల నాటి పద్ధతిలో ఇసుకకు, బేస్ అంచుకు నిండు ఆకుపచ్చ వేసి, పైన లేత పసుపుపచ్చ కుంచెను పొడిగా ఆడిస్తే ఆ కాలపు బొమ్మకు తగిన నేల తయారవుతుంది. మన ఎర్రమట్టి నేల కావాలనుకుంటే ఇటుక రంగు మీద గంధపు రంగును పొడి కుంచెతో వేసి, అక్కడక్కడ ఎండుగడ్డి రంగు పీచు కుచ్చులు అతకండి.

భద్రపరచడం

చెక్క, అట్టపెట్టెల ఆవిరి సీసాన్ని తినేస్తుందని ముందే చెప్పాను, కనుక చెక్క బీరువాలో, అట్టపెట్టెలో సీసపు బొమ్మలను మూసి ఉంచవద్దు. బేస్ అడుగున పలుచని అయస్కాంతపు షీటు అతికి, ఇనుప ట్రంకు పెట్టెలో నిలిపితే బొమ్మలు దొర్లవు, రంగు గీరుకుపోదు. స్టీలు డబ్బా కొంటే దుకాణంలోనే అయస్కాంతం ఆనించి చూడండి, కొన్ని రకాల స్టీలుకు అది అంటదు. పెట్టెలో సిలికా జెల్ సంచులు రెండు వేసి, ఏటా వానాకాలం వెళ్లిన తరువాత ఒకసారి అన్నింటినీ బయటికి తీసి, అడుగు పట్టీల దగ్గర, రంగు లేచిన అంచుల దగ్గర తెల్ల పొడి ఉందేమో భూతద్దంతో చూడండి. కనిపిస్తే ఆ ఒక్క బొమ్మను వెంటనే వేరుచేసి, ఆ చోటును తడిగా శుభ్రం చేసి, ఆరిన తరువాత ప్రైమర్, రంగు, వార్నిష్ వరుసగా మళ్లీ వేయండి.